కొల్లేటి వెనక మంచుకొండ

తాడేపల్లిగూడెం,
8 సెప్టెంబరు 2024

సుందరమ్మ వదినకి,

మీ ఆడపడుచు తాయారు నమస్కారాలు. ఫోనులో నా మాట మీకు గరగరమని తప్ప వినపడటం లేదనీ, చెవి మిషను పెట్టుకుంటే కీచుమంటోందనీ అన్నయ్య చెప్పాడు. అందుకని ఇకమీదట ఉత్తరాలే రాద్దామనుకుంటున్నానండి. మా ఉల్లిపాయల కొట్టు గుమాస్తా వీర్రాజు వారానికి రెండుసార్లు ఏలూరు వస్తాడు. అన్నయ్య బట్టల కొట్లో ఇచ్చేసి, మీ జవాబు కూడా అక్కడే పుచ్చుకుంటాడు.

అసలు సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది, మీరు నవ్వకూడదు. నేను ఆయిల్ పెయింటింగ్ మొదలుపెట్టాను. యాభై ఏడేళ్ళొచ్చాక ఇదేం బుద్ధి అంటారేమో. మా ఆయన పొద్దున్న వెళ్తే చీకటి పడేదాకా కొట్లోనే ఉంటారు కదా, మధ్యాహ్నాలు ఏమీ తోచక ఫోనులో వీడియోలు చూస్తూ కూర్చుంటాను. అందులో ఒక తెల్లాయన ముప్పావుగంటలో చెరువు, దాని వెనక మంచుకొండ, కొండ పక్కన అస్తమించే సూర్యుడు వేసేస్తాడు. చూసి చూసి నాకూ చేతులు దురద పుట్టాయి. విజయవాడ నుంచి రంగులు తెప్పించుకుని వేశాను. ముందు మన కొల్లేటి దోనె ఒకటి, రెండు గూడబాతులు పెట్టాను. అవి మాత్రం నా సొంతం.

మొన్న హిమజ వచ్చి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. "అత్తా, మా కొత్తింటి హాల్లోకి ఇలాంటిదే పెద్దది వేసివ్వవా" అంది. "కన్నతల్లి డ్రాయింగు టీచరు, నన్నడుగుతావేమే" అన్నాను. "అమ్మ వెయ్యదులే అత్తా" అంది. మీ కూతురు నోరు తెరిచి అడిగితే నేను కాదనలేకపోయాను. ఫిబ్రవరిలో గృహప్రవేశం నాటికి ఇవ్వాలి.

ఫోటో తీసి ప్రింటు వేయించి పంపుతున్నాను. తప్పులు చెప్పండి వదినా. మొహమాటపడకండి.

మీ
తాయారు


ఏలూరు,
12 సెప్టెంబరు 2024

తాయారుకి,

ఉత్తరం, ఫోటో అందాయి. మొహమాటపడవద్దన్నావు. నాకు ఆ జబ్బు లేదని నీకు తెలుసు.

కొల్లేటి వెనక మంచుకొండ ఏమిటి? మండవల్లి నుంచి నిడమర్రు దాకా ఎక్కడ నిలబడి చూసినా ఒక్క మట్టిదిబ్బ కనపడదు, నువ్వు ఏకంగా హిమాలయం తెచ్చి పెట్టావు. అది నీ సరదా అనుకుని వదిలేసినా, సూర్యుడు దోనె వెనక ఉన్నప్పుడు దోనె నీడ మన వైపుకి రావాలి. నీ దోనె నీడ పక్కకి పోయింది. ఆరో తరగతి పిల్ల ఇలా వేస్తే మొట్టికాయ వేసేదాన్ని. నీళ్ళకి నీలం ట్యూబు పిండింది పిండినట్టే పులిమావు, బట్టలకి నీలిమందు కలిపిన బకెట్టులా ఉంది. వీడియో చూసి వెయ్యడం బొమ్మ వెయ్యడం కాదు తాయారూ, పుస్తకం చూసి ముగ్గు పెట్టడం.

నిజంగా వెయ్యాలనుంటే ముందు వెళ్ళి కొల్లేరు చూడు. మండవల్లి వైపు వెళ్ళకు, అటునుంచి సూర్యుడు నీళ్ళలోకి దిగడు. నిడమర్రు దాటి గట్టు మీద నిలబడి పడమటికి చూడు. ఫోను సంచిలో పెట్టి కళ్ళతో చూడు.

"అమ్మ వెయ్యదులే" అందా హిమజ? ఏ గొంతుతో అంది? నవ్వుతూ అందా, మామూలుగా అందా? అది రాయకుండా గూడబాతుల గురించి రాశావు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు చెప్పినదాన్ని, నా కూతురు గోడకి ఏం పెట్టుకుంటుందో నీ ఉత్తరంలో చదివి తెలుసుకోవలసి వచ్చింది.

నా మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మీ అన్నయ్య బాగానే ఉన్నారు.

సుందరమ్మ


తాడేపల్లిగూడెం,
2 అక్టోబరు 2024

వదినకి,

నమస్కారాలండి. మీ ఉత్తరం చదివి మా ఆయన "మీ వదిన నిన్ను చీల్చి చెండాడిందే" అన్నారు. నాకు మాత్రం కోపం రాలేదు. నీడ సంగతి నిజమే. దీపం ముందు గ్లాసు పెట్టి చూశాను, నా వైపుకే వచ్చింది. ఇన్నేళ్ళొచ్చి ఈ మాత్రం గమనించలేదేమా అనిపించింది.

మీరు చెప్పినట్టే నిన్న వీర్రాజుని తోడు తీసుకుని నిడమర్రు దాటి గట్టు మీదకి వెళ్ళాను. వరద తీసినా గట్టు కింద ఇంకా బురదే. వీర్రాజు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఏవండమ్మా, చేపలు కొంటారేంటి" అని అటుగా పోతున్న ఒకాయన అడిగాడు. సూర్యుణ్ణి చూడటానికొచ్చానంటే, అదేదో ఇంట్లో కనపడదా అన్నట్టు మొహం పెట్టి వెళ్ళిపోయాడు.

వదినా, నీళ్ళు నీలంగా లేవు. పాలు తక్కువైన టీ రంగులో ఉన్నాయి. పొద్దు దిగేటప్పుడు ఆ టీ మీద ఒక్క గీత ఎర్రబడింది, మిగతాదంతా నల్లబడింది. నేను నీళ్ళు మొత్తం ఎర్రగా అయిపోతాయనుకునేదాన్ని. అలా అవవు. ఒక్క గీతే. అది కూడా కదులుతూ ఉంది, నేను పక్కకి జరిగితే నాతో పాటు జరిగింది.

ఇంకో సంగతి. సూర్యుడు దేని వెనక్కీ వెళ్ళలేదు. అలా దిగుతూ దిగుతూ మధ్యలోనే పొగమంచులో కరిగిపోయాడు. నాకు దిగులేసింది. అందుకని కొండ తియ్యలేనండి, మీరు తిట్టినా సరే. ఆ మంచు మీద ఆఖరి ఎరుపు కాసేపు నిలబడుతుంది కదా, నాకు అది కావాలి. మన కొల్లేటికి కొండ లేదు కాబట్టే పెడుతున్నాను.

హిమజ మామూలుగానే అందండి. నేను పెద్దగా పట్టించుకోలేదు.

మీ
తాయారు


ఏలూరు,
10 అక్టోబరు 2024

తాయారుకి,

నీ టీ నీళ్ళ మాట మూడుసార్లు చదివాను. నీళ్ళు ఎరుపెక్కవు, వెలుగు పడిన చోట ఒక్క గీతే ఎర్రబడుతుందని ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద గీసి చెప్పినా ఒక్క పిల్లకి పట్టుబడలేదు. నీకు ఒక్క సాయంత్రంలో పట్టుబడింది. సంతోషించాలి. సంతోషం రాలేదు, ఒళ్ళు మండింది. ఉన్నమాట రాస్తున్నాను.

మీ అన్నయ్య నీ బొమ్మ ఫోనులో పెట్టుకుని, చీరలు కొనడానికొచ్చిన వాళ్ళందరికీ చూపిస్తున్నారు. "మా చెల్లెలు వేసిందండీ" అని. నలభై ఏళ్ళ కాపురంలో నా బొమ్మ ఒక్కటి కొట్లో తగిలించిన పాపాన పోలేదు. అవన్నీ అటక మీద చాపలో చుట్టి ఉన్నాయి. నిన్న భోజనాల దగ్గర అడిగేశాను. "నువ్వు టీచరువి కదే, నీకు వచ్చునని అందరికీ తెలుసు, అదైతే ఇప్పుడు కొత్తగా వేస్తోంది" అన్నారు. ఆ మాటకి అర్థమేమిటో ఆయనకీ తెలియదు.

నారింజ రంగు ట్యూబులోంచి తిన్నగా పెట్టకు. సూర్యుడికి దూరంగా పోయేకొద్దీ దాంట్లో చిటికెడు నీలం కలుపు, చప్పబడుతుంది. చుట్టూ చప్పబడితేనే మధ్యలో వెలుగుతుంది. కొండ పెట్టుకుంటే పెట్టుకో, మంచుని మాత్రం తెల్లగా వెయ్యకు. ఆ వేళకి మంచు తెల్లగా ఉండదు.

హిమజ గురించి ఒక మాట. మీ ఇంటికీ దాని ఇంటికీ నాలుగు వీధులు. ఒకరోజు పులిహోర, ఒకరోజు బొబ్బట్లు, అల్లుడు రాజకుమార్‌కి ఇష్టమని కందిపొడి, ఇప్పుడు గోడకి బొమ్మ. పిల్లల్ని మంచి చేసుకోవడం నీకు మొదటి నుంచీ వచ్చిన విద్య. కొంచెం నాకూ మిగల్చు.

సుందరమ్మ


తాడేపల్లిగూడెం,
15 అక్టోబరు 2024

వదినకి,

ఈసారి మీ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించలేదు.

మీరు ఇంత మాట అన్నాక దాచి లాభం లేదు. హిమజ ముందు మిమ్మల్నే అడిగిందటండీ. ఒకసారి కాదు, మూడుసార్లు. ఇంటికి పునాది తీసినప్పుడు ఒకసారి, స్లాబు వేసినప్పుడు ఒకసారి. ఆఖరిసారి మే నెలలో మీ ఇంటికొచ్చి, నాతో కలిసి చూసిన వీడియోలోలాగా కొల్లేరు, వెనకాల కొండ, సూర్యాస్తమయం వేసివ్వమంది. "కొల్లేటికి కొండ లేదు, లేనిది నేను వెయ్యను" అన్నారట మీరు. కొండ లేకుండానే వెయ్యమంటే, మంచి వెలుతురున్న సాయంత్రం దొరికినప్పుడు చూద్దామన్నారట. అది నా దగ్గరకొచ్చింది ఆ తరవాతే. ఇదంతా అది నాతో చెప్పుకుని ఏడవలేదు. నవ్వుతూనే చెప్పింది. మీరు నొచ్చుకుంటారని నేను రాయలేదు.

బొబ్బట్లు పెట్టి మీ పిల్లని లాక్కున్నానంటే నేనేం చెప్పను? నాకు పిల్లలు లేరు. ఉన్న ఒక్క మేనకోడలు నాలుగు వీధుల అవతల ఉంటే పెట్టకుండా ఎలా ఉంటాను?

మీరు వేస్తానంటే ఇప్పుడే మానేస్తానండి. కాన్వాసు బిగించి ఉంది, ఆకాశం ఒక్కటే వేశాను. అదే మీకు పంపించేస్తాను, లేకపోతే కొత్తది కొనుక్కోండి. హిమజకి నేను సర్దిచెబుతాను. ఈ మాట కోపంతో రాయడం లేదు.

మీ
తాయారు


ఏలూరు,
20 అక్టోబరు 2024

తాయారుకి,

ఒకరు వదిలేసిన గోడ నాకక్కర్లేదు. నువ్వే వెయ్యి.

ఆకాశం ఒక్కటే వేశానన్నావు కదా, అది తడిగా ఉండగానే సగానికి సగం గీకెయ్యి. మొదటిసారి వేసినవాళ్ళు ఆకాశంలో రంగు ఎక్కువ పెడతారు. గీకిన తరవాత మిగిలిందే ఆకాశం.

మూడుసార్లు అడిగిందన్నది నిజమే. నేను మర్చిపోలేదు. నాలుగోసారి అడుగుతుందనుకున్నాను.

సుందరమ్మ


తాడేపల్లిగూడెం,
10 జనవరి 2025

వదినకి,

నమస్కారాలు. మూడు నెలలుగా ఉత్తరం రాయనందుకు ఏమీ అనుకోకండి. మీరూ రాయలేదు. మీకు వంట్లో బాగుండటం లేదేమోనని వీర్రాజుని అడిగితే, మీరు కొట్టుకి రావడం మానేశారని చెప్పాడు. మోకాళ్ళేనా?

బొమ్మ అయిపోయిందండి. నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల ఎత్తు. మీరు చెప్పినవన్నీ చేశాను. ఆకాశం గీకేశాను. నారింజలో నీలం కలిపాను. మంచుకి తెలుపు పెట్టకుండా గులాబీ, బూడిద కలిపి వేశాను. సూర్యుణ్ణి మాత్రం కత్తితో దళసరిగా పెట్టాను, అట్టు మీద వెన్న పెట్టినట్టు. హిమజ చూసి కుర్చీలో కూర్చుండిపోయింది. రాజకుమార్ "మంచుకొండ దగ్గర దోనె ఏంటి అత్తయ్యగారూ" అని అడగలేదు. ఎవరూ అడగలేదు. మీరొక్కరే అడిగారు.

అన్నయ్య కూడా వచ్చి చూసి వెళ్ళాడు. "మా సుందరం కూడా ఇంత బాగా వెయ్యలేదు" అన్నాడు. నేను కోప్పడ్డాను లెండి. నాకు నేర్పింది ఎవరనుకుంటున్నావన్నాను.

ఇప్పుడు అడగవలసింది ఒకటుంది. బొమ్మని ఇరవై రోజులుగా మా ఉల్లిపాయల గోడౌనులో పెద్ద ఫ్యాను కింద ఆరబెట్టాను. ముట్టుకుంటే వేలికి అంటడం లేదు. సూర్యుడి దగ్గర మాత్రం నొక్కితే కొంచెం మెత్తగా ఉన్నట్టుంది. ఉల్లిపాయైతే మెడ నొక్కి చూసి లోపల ఆరిందో లేదో చెప్పేస్తాను. బొమ్మకి మెడ ఎక్కడుంటుందో నాకు తెలియదు. ఫిబ్రవరి పదహారున గృహప్రవేశం. వార్నిష్ పూయించి ఫ్రేము కట్టించేయొచ్చా? మీరు ఊఁ అంటేనే పూయిస్తాను.

ఫోటో పంపుతున్నాను. పెద్ద ప్రింటు.

మీ
తాయారు


ఏలూరు,
18 జనవరి 2025

చిరంజీవి తాయారుకి,

ఫోటో చూశాను. చాలా బాగుంది. దోనె నీడ సరిగ్గా పడింది, నీళ్ళ మీద గీత బాగా కుదిరింది. నీకు మంచి చెయ్యి ఉంది. మీ అన్నయ్య అన్నదాంట్లో తప్పేమీ లేదు, నువ్వు ఆయన్ని కోప్పడి ఉండవలసింది కాదు.

వేలికి అంటడం లేదన్నావు కదా, ఆరినట్టే. వార్నిష్ పూయించెయ్యి. గృహప్రవేశానికి నిగనిగలాడుతూ ఉండాలి.

నా వంట్లో బాగానే ఉంది.

నీ వదిన
సుందరమ్మ


తాడేపల్లిగూడెం,
22 ఫిబ్రవరి 2025

వదినకి,

గృహప్రవేశానికి వచ్చి, భోజనం అవగానే రైలుకి టైమైందని వెళ్ళిపోయారు. మీతో తీరుబడిగా మాట్లాడదామనుకున్నాను. మీరు బొమ్మ వైపు వీపు పెట్టి కూర్చున్నారు. జనం గోలకి మిషను తీసేశారేమో, ఆ మూల ప్రశాంతంగా ఉంటుందని కూర్చున్నారేమో అనుకున్నాను. వచ్చినవాళ్ళందరూ బొమ్మ ముందు ఫోటోలు తీసుకున్నారు. హిమజ అందరితోనూ "మా అత్త వేసింది, మా అమ్మ నేర్పింది" అని చెబుతూనే ఉంది. అది మీకు వినపడి ఉండదు. అందుకే రాస్తున్నాను.

మీ జనవరి ఉత్తరం బీరువాలో నగల పెట్టెలో పెట్టుకున్నాను, నవ్వకండి. మీ ఆడపడుచుగా నలభై ఏళ్ళుగా నేను మీకు తెలుసు కదా, మీరు నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. చిరంజీవి అని కూడా రాశారు.

ఒక తమాషా చెప్పాలి. ఫ్రేములు కట్టే ఖలీద్ లేడూ, అతను వార్నిష్ పుయ్యనని మొండికేశాడు. "లోపల పచ్చిగా ఉందమ్మా, ఆర్నెల్లు ఆగాలి, ఈ సూర్యుడికైతే ఏడాది కావాలి, ఇప్పటికి ఊరికే ఫ్రేము కట్టిస్తాను" అన్నాడు. నాకు భలే కోపం వచ్చింది. "మా వదినగారు ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు చెప్పారు, నీకు తెలిసింది ఆవిడకి తెలియదా" అని మీ ఉత్తరం తీసి చూపించాను. అతను చదివి పూసేశాడు.

మీ
తాయారు


ఏలూరు,
3 మార్చి 2025

తాయారుకి,

ఉత్తరం అందింది. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. హిమజ హాల్లో పడమటి కిటికీ ఉంది కదా, దానికి దళసరి తెర వెయ్యమని చెప్పు. బొమ్మ మీద ఎండ పడనివ్వకు. దుమ్ము తుడవడానికి బట్ట పెట్టనివ్వకు. చూడటానికి ఎలా ఉందో అప్పుడప్పుడూ రాస్తూ ఉండు.

సుందరమ్మ


తాడేపల్లిగూడెం,
24 మే 2025

వదినకి,

నమస్కారాలు. మార్చిలో మీరు రాసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామండి. అయినా లాభం లేకపోయింది.

ముందు సూర్యుడు ముడతలు పడ్డాడు, కాచిన పాల మీద మీగడ కట్టినట్టు. నేనేదో నా కళ్ళజోడు తప్పనుకున్నాను. ఈ నెల ఎండలకి ఆ ముడతలు పగిలి కొండ మీదుగా నీళ్ళలోకి పాకాయి. వార్నిష్ జిగురుగా అయిపోయి ఈగలు కూడా అంటుకుంటున్నాయి. నిన్న ఇంటికొచ్చినావిడ ఎవరో "ఇది పాతకాలం బొమ్మా" అని హిమజని అడిగిందట.

తప్పు నాదేనండి. నూనె ఎక్కువ కలిపి ఉంటాను. దళసరిగా పెట్టొద్దని మీరు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఉల్లిపాయలు బస్తాలకెత్తేవాళ్ళ ఇంటిదాన్ని, నాకెందుకొచ్చిన సోకు ఇది? మిమ్మల్ని చూసి వాత పెట్టుకున్నాను. ఖలీద్ వచ్చి చూశాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

తీసేద్దామంటే హిమజ ఒప్పుకోవడం లేదు. గోడ ఖాళీగా ఉంటే నాకు చిన్నతనమని దాని ఉద్దేశం. మీరొక సాయం చెయ్యండి. మీ మాటైతే వింటుంది. దించెయ్యమని చెప్పండి.

రంగులూ, స్టాండూ గోనెసంచిలో కట్టేశాను. ఎవరైనా పిల్లలకి ఇచ్చేస్తాను. ఇక వెయ్యనండి. మీకు చెడ్డపేరు తెచ్చాను, అదొక్కటే నా బాధ. నేర్పింది మీరని ఊరంతా చెప్పుకున్నాం.

మీ
తాయారు


ఏలూరు,
8 జూన్ 2025

తాయారుకి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

నీ నూనె ఎక్కువ కాలేదు. నీ చేతిలో తప్పేమీ లేదు. ఆర్నెల్లు ఆగకుండా వార్నిష్ పుయ్యకూడదని నాకు తెలుసు. పదో తరగతి పిల్లలకి బోర్డు మీద రాసి, నోటు పుస్తకాల్లో రాయించి, పరీక్షలో అడిగిన ముక్క అది. సూర్యుడి దగ్గర మెత్తగా ఉందని నువ్వు రాసినప్పుడే అక్కడ పగులుతుందని కూడా తెలుసు. తెలిసే పూయించమన్నాను.

మొదట "ఆగు" అనే రాశాను. రెండు పేజీలు రాశాను. వార్నిష్ లేకుండా ఊరికే ఫ్రేము కట్టించి పెట్టుకోమనీ, వచ్చే శ్రావణంలో నేనే వచ్చి పూస్తాననీ. ఉత్తరం మడతపెట్టి, పక్కన పెట్టి, నీ ఫోటో ఇంకోసారి చూశాను. "మా సుందరం కూడా ఇంత బాగా వెయ్యలేదు" అన్న ముక్క ఇంకోసారి చదివాను. ఆ రెండు పేజీలూ చించేసి నీకు పంపిన నాలుగు లైన్లూ రాశాను. పైన చిరంజీవి అని కూడా కుదురుగా రాశాను. అదీ నేను.

అక్టోబరులో, నేను వేస్తానంటే మానేస్తానని నువ్వు రాసిన రోజు నుంచి నేనూ ఒక కాన్వాసు పెట్టుకుని వేశాను. అందుకే కొట్టుకి వెళ్ళడం మానేశాను, మోకాళ్ళ వల్ల కాదు. మూడు నెలలు వేశాను. కొండ లేకుండా, ఉన్నది ఉన్నట్టుగా. ఎక్కడా తప్పు లేదు. ఎక్కడా ఏమీ లేదు కూడా. మీ అన్నయ్య చూసి, "బాగుంది, ఇది కూడా పాఠం చెప్పడానికా" అన్నారు. నీ బొమ్మలో, కొల్లేటికి లేని ఆ కొండ ముందు మనుషులు కుర్చీల్లో కూర్చుండిపోతున్నారు. నీమీద కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను తాయారూ. నేను చెప్పిన ప్రతి మాటా నువ్వు విని బాగుపడ్డావు, అది ఇంకా మంట. నేను తిట్టినప్పుడల్లా నీకు నిజమే చెప్పాను. మెచ్చుకున్న ఆ ఒక్కసారే మోసం చేశాను.

నిన్న రైలెక్కి గూడెం వచ్చాను. మీ ఇంటికి రావడానికి మొహం చెల్లలేదు. హిమజ ఇంటికి వెళ్ళి దానితో చెప్పాను. అది టీ పెట్టి ఇచ్చింది. బొమ్మ చూశాను, మొదటిసారి ఎదురుగా నిలబడి. దించెయ్యవే అన్నాను. "ఉండనీ అమ్మా, నువ్వొచ్చినప్పుడల్లా చూద్దువుగాని" అంది. నేను చెప్పులేసుకుంటుంటే మాత్రం, "నువ్వు వేసిచ్చి ఉంటే నేను అత్తని అడిగేదాన్నే కాదు" అంది. మిషను పెట్టుకునే ఉన్నాను. స్పష్టంగా వినపడింది.

క్షమించమని అడగను. రంగులు మాత్రం ఎవరికీ ఇచ్చెయ్యకు.

సుందరమ్మ


తాడేపల్లిగూడెం,
2 జూలై 2025

వదినకి,

మీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. జవాబు రాయకూడదనే అనుకున్నాను. వీర్రాజు ప్రతిసారీ "ఏలూరికి ఏమైనా ఉందాండీ అమ్మా" అని అడుగుతుంటే ఏమీ లేదని చెప్పడం కష్టంగా ఉంది, అందుకు రాస్తున్నాను.

మా ఆయనకి చెప్పలేదు. అన్నయ్యకీ చెప్పను. మీమీద జాలిపడి కాదు. వాళ్ళు దీన్ని ఆడవాళ్ళ గొడవ అనేసి నవ్వేస్తారు, అది నేను భరించలేను.

నన్ను చూసి మీకు ఏడుపొచ్చిందంటే నాకు అర్థమవుతుందండి. నాకూ వచ్చేది. మీరు స్కూలు నుంచి వేళ్ళకి రంగులతో వచ్చేవారు, నేను మా ఉల్లిపాయల కొట్టు నుంచి గోళ్ళ నిండా మట్టితో పుట్టింటికి వచ్చేదాన్ని. మా అమ్మ మీ చేతులే పట్టుకుని చూసేది. అప్పుడు నాకెంత కడుపు మండేదో మీకు తెలియదు. కానీ నేను మీ కుంచెలు తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టలేదు.

ఖలీద్ కొట్టుకి వెళ్ళి, అతని మాట వినకపోవడం నా తప్పని చెప్పాను. మీ పేరు ఎత్తలేదు. అతనే "పోనీలెండమ్మా, పెద్దావిడ మర్చిపోయి ఉంటారు" అన్నాడు. అవునన్నాను.

మీరు చెప్పినందుకు కాదు గానీ, గోనెసంచి విప్పాను. ఇంకో బొమ్మ మొదలుపెట్టాను. ఈసారి కూడా కొండ ఉంది. నాలుగు రోజులుగా ఒక్కచోటే ఆగిపోయాను. సూర్యుడి కింద నీళ్ళ మీద ఎరుపు పెడుతుంటే కిందున్న టీ రంగుతో కలిసిపోయి బురదలా అవుతోంది. ఆరాక పెట్టాలో, తడి మీదే పెట్టాలో, మధ్యలో ఇంకేదైనా పూయాలో నాకు తెలియదు. వీడియోలో తెల్లాయన నా నీళ్ళు చూడలేదు. మీకు ఒక్క నిమిషంలో తెలుస్తుంది. అది నాకు తెలుసు.

అడుగుదామని కాగితం తీశాను. మీరు జవాబు రాస్తారు, ఈసారి నిజమే రాస్తారని కూడా తెలుసు. అయినా ఆ జవాబు పట్టుకుని ఖలీద్ దగ్గరకి వెళ్ళి, ఇది నిజమేనా అని అడగకుండా కుంచె ముట్టుకోలేను. మీ మాట నిజమో కాదో ఇంకొకరిని అడగాల్సి వచ్చిందే అని కూర్చుని ఏడ్చాను. బొమ్మ పగిలినప్పుడు కూడా అంత ఏడవలేదు.

తాయారు